గడ్డం మీద ఒట్టు

"అందరూ దిగండి. మూటలు లోపలే ఉండనివ్వండి." సైనికుడు తుపాకి మడమతో వ్యాను తలుపు మీద కొట్టాడు.

అగ్బెకోకి పై ప్రాణాలు పైనే పోయాయి. అలవాటుకొద్దీ చెయ్యి గడ్డం మీదికి వెళ్ళింది. నున్నటి చర్మం తగిలింది. రొమ్ము దాకా వేలాడే తెల్లటి గడ్డాన్నీ, తలనూ తెల్లవారుజామునే తన చేత్తో తనే గొరిగేసుకున్నాడు. "అధ్యక్షుడు గద్దె దిగేదాకా ఈ గడ్డానికి కత్తి తగలనివ్వను" అని నిండు సభలో ఒట్టు పెట్టుకున్న ప్రతిపక్ష నాయకుడు, ఇప్పుడు చిరుగుల చొక్కా తొడుక్కున్న పెండలం బేరగాడు. కనిపిస్తే కాల్చెయ్యమని అధ్యక్షుడి ఆజ్ఞ మరి. బతికుంటే బలుసాకు తినొచ్చు. వంతెన దాటితే సరిహద్దు.

"పేరేంటి తాతా?"

"కోసీ అంటారయ్యా."

"ఎక్కడికి?"

"అవతలి సంతకి. పెండలాలు అమ్ముకోవాలి."

సైనికుడు అతని మొహంలోకి చూసి ముందుకి వెళ్ళిపోయాడు. అగ్బెకో ఊపిరి పీల్చుకునేలోపే కెప్టెన్ ఓ గుడ్డ తెచ్చి రోడ్డుకి అడ్డంగా పరిచాడు. పార్టీ గుడ్డ. ఊరూరా ఆడవాళ్ళు నడుముకి చుట్టుకునేదే. దాని నిండా అగ్బెకో మొహాలే, గడ్డాలతో సహా.

"ఒక్కొక్కరే దీన్ని తొక్కుకుంటూ నడవండి," అన్నాడు కెప్టెన్.

ముందున్న ఇద్దరూ వణుకుతూ తొక్కారు. తర్వాతది ఎండుచేపలమ్మే ముసలావిడ మావుసి. దారి పొడుగునా నోరు విప్పని అగ్బెకో పక్కనే కూర్చుని వచ్చింది. గుడ్డ అంచు దగ్గర ఆగిపోయింది.

"నడువు పెద్దమ్మా."

"నేను తొక్కను."

"ప్రాణం మీద తీపి లేదా?"

"ఎందుకుండదు నాయనా? ఈ గుడ్డ కట్టుకునేప్పుడే ఆ మొహం పిర్రల కిందికి రాకుండా చూసి మరీ చుట్టుకుంటాను. మీద కూర్చోడానికే మనసొప్పనిదాన్ని, కాళ్ళతో తొక్కుతానా? కాల్చుకుంటే కాల్చుకో."

కెప్టెన్ కళ్ళతో సైగ చేశాడు. ఇద్దరు సైనికులు ఆమెను తమ లారీ వెనక్కి తీసుకుపోయారు. నేనే అగ్బెకోని, ఆమెను వదిలెయ్యండి అని ఒక్క మాట అంటే చాలు. తుపాకి చప్పుడు కోసం చెవులు రిక్కించి నిలబడ్డాడు. తన మీద తనకే అసహ్యం వేసింది. అయినా కదల్లేదు.

"ఇక నువ్వు," అన్నాడు కెప్టెన్, అతన్ని ఎగాదిగా చూస్తూ.

అగ్బెకో ఆ చూపు గమనించాడు. వీడికి అనుమానమొచ్చింది. ఉత్తినే తొక్కితే సరిపోదు. గుడ్డ మధ్యలోకి వెళ్ళి, తన గడ్డాన్నే మడమతో నలిపి, కాండ్రించి ఉమ్మాడు.

"దేశాన్ని తగలబెట్టిన గడ్డపోడు. వీడు చస్తేగానీ మనకి పీడ విరగడ కాదు. అధ్యక్షులవారు నూరేళ్ళు చల్లగా ఉండాలి."

కెప్టెన్ మొహం నల్లబడింది. "భయపడి తొక్కినవాళ్ళని పోనివ్వండి. వీడి చేతులు విరిచి కట్టండి. అధ్యక్షుడి మనుషులు బేరగాళ్ళ వేషాల్లో జారుకుంటున్నారన్నది నిజమే."

"అదేంటయ్యా? మీరు అధ్యక్షుడి సైన్యమే కదా?"

"పొద్దుటిదాకా. ఆయన విమానమెక్కి పారిపోయాడు. ఇప్పుడు మేం అగ్బెకోగారి వెనకున్నాం. గద్దె మీద కూర్చోబెడదామని ఆయన కోసమే దేశమంతా గాలిస్తున్నాం."

అగ్బెకోకి నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. "నేనే బాబూ అగ్బెకోని. సరిగ్గా చూడు. ప్రాణభయంతో గొరుక్కున్నాను."

కెప్టెన్ గుడ్డ మీది మొహాన్నీ, ఈ మొహాన్నీ మార్చి మార్చి చూశాడు. తేల్చుకోలేక లారీ వెనక్కి కేకేశాడు. లారీ చాటునుంచి అంతా చూస్తున్న మావుసి చేతిలో మంచినీళ్ళ గ్లాసుతో నింపాదిగా వచ్చింది.

"పెద్దమ్మా, ఆయన సభలకి వెళ్ళుంటావు కదా. ఇతనేనా అగ్బెకోగారు?"

"ఓసారి మాట్లాడమను."

"నేనేనమ్మా. పొద్దుట్నుంచీ నీ పక్కనే కూర్చున్నాను. గుర్తుపట్టలేదా?"

మావుసి కళ్ళు మూసుకుని విన్నది. తర్వాత వంగి, గ్లాసులో నీళ్ళతో గుడ్డ మీది ఉమ్మి కడిగింది.

"గొంతు ఆయనదే బాబూ," అంది. "మనిషి మాత్రం ఆయన కాదు."