పొడి తిండి

"ఈ పొద్దన్నా పిల్లి తినిందా?" సుబ్బలక్ష్మమ్మ అడిగింది.

పట్టునూలును ఎలుకలు కొరక్కుండా ధర్మవరంలోని ఆ ఇంటికి తెచ్చిన పిల్లి అది. దానికి పాలు పడవు. తాగితే కక్కుతుంది. అందుకే వారం నుంచి పొడి తిండి మార్చి మార్చి పెడుతున్నారు.

"లేదమ్మా. బొరుగులు ముట్టల్యా, బిస్కెట్లు ముట్టల్యా. ఈ పొద్దు బన్నుకూ మూతి తిప్పుకునింది," అంది పనిమనిషి ఓబులమ్మ.

పిల్లి ఆమె కాళ్ల చుట్టూ తిరుగుతూ అరుస్తోంది.

"అరిచేదానికి మాత్రం బలముండాది! ఈ కరువులో ఊరు ఊరే గంజి కోసం వరసలో నిలబడితే, దీనికి నాజూకు!" సుబ్బలక్ష్మమ్మ విసుక్కుంది.

"రేపు ఎండిన జొన్నరొట్టెన్నా పెట్టి చూస్తామమ్మా. ఒక్క దినం!" ఓబులమ్మ బతిమాలింది.

"ఏమీ వద్దు. రేపట్నుంచి దానికేం పెట్టొద్దు. కడుపు కాలితే అదే ఎలుకల్ని పట్టుకుంటాది."

ఓబులమ్మ ఇంటికి నడిచింది.

గడపలో కూర్చున్న కూతురు ఎదురొచ్చి, తల్లి కొంగుముడి విప్పింది. నలిగిన బన్ను సగం తినేసి, తలెత్తి అడిగింది.

"అమ్మా, పిల్లి రేపేం తినదు?"