తీగల గిన్నె

పాలగిన్నెలో బేస్ గిటార్ తీగలు మరుగుతున్నాయి. పాత తీగలు ఇలా ఉడికిస్తే జిడ్డు వదిలి, మళ్ళీ ఖంగున మోగుతాయి. అతను ఉన్నట్టుండి స్టవ్ ఆపేశాడు. ఏళ్ళ తరబడి మోసిన గిటార్ బరువుకి భుజం పడిపోయింది. ఆ హోరుకి చెవుల్లో ఈల ఆగడం లేదు.

భార్య వంటింట్లోకి వచ్చింది.

“మెటల్ మ్యూజిక్ బ్యాండ్‌లో వాయించడం మానేస్తున్నా. ఇక నీ పాలగిన్నె జోలికి రాను,” అన్నాడు.

“నాదేంటి? నువ్వు మొదటిసారి దొంగచాటుగా వీటిని ఉడికించిన రోజే నీకొదిలేశా. పాలకి వేరేది ఉంది.”

“మరి ఇన్నేళ్ళూ తిట్టావుగా?”

“తిట్టింది ఆ గోలని. గిన్నె తోమి మళ్ళీ ఇక్కడే పెట్టేది ఎవరనుకున్నావ్?”



ఆమె గిన్నెలోకి తొంగిచూసి, స్టవ్ వెలిగించింది.

“మానేస్తే మానేద్దువుగానీ. ముందు వీటి జిడ్డు వదలనీ.”