స్తంభం దిగిన గొంతు

ప్రభుదాస్ జమ్మికుంట దగ్గరి సబ్‌స్టేషన్‌లో ఆపరేటర్. రావలసినవాడు రాక పదహారు గంటలుగా డ్యూటీలోనే ఉన్నాడు. గేటు మీద కంపెనీ పేరు మూడుసార్లు మారింది గాని పద్ధతి మారలేదు. కరెంటు ఆపించుకుని స్తంభమెక్కిన లైన్‌మన్, పని ముగించి దిగాక తానే ఫోన్ చేసి చెప్పాలి. ఆ గొంతు వినందే స్విచ్ ముట్టకూడదు.

సాయంత్రం లైన్‌మన్ ఓదెలు లైన్ ఆపించుకున్నాడు. రాత్రి తొమ్మిదిన్నరకు ఆఫీసు ఫోన్ మోగింది.

"అన్నా, పనైంది. దిగిన. ఇగ లైన్ ఇయ్యి."

ఓదెలు గొంతే. పదకొండేళ్లుగా వింటున్నదే. ప్రభుదాస్ రిజిస్టర్‌లో టైమ్ రాసి, రిసీవర్ బల్ల మీద పెట్టి, కాళ్లీడ్చుకుంటూ ప్యానెల్ దగ్గరికి వెళ్లాడు. స్విచ్ మీద చెయ్యి వేశాక వినిపించింది, రిసీవర్‌లోంచి సన్నగా తీగల రొద. లైన్ ఇంకా ఇవ్వనేలేదు; కరెంటు లేని తీగ అలా మోగదు.

అంతలో జేబులో సెల్ మోగింది.

"అన్నా, ఓదెలును. ఇంకా స్తంభం మీదనే ఉన్న. జర ఆగు, అర్ధగంట పడ్తది."

ఆ గొంతూ అదే. దాని వెనక ఏ చప్పుడూ లేదు, గాలి కూడా.

ప్రభుదాస్ చెయ్యి తీసేశాడు. నిద్రమత్తేనని అనుకోవాలని ఉంది. సెల్ పట్టుకునే వెళ్లి, రిసీవర్ రెండో చెవికి ఆనించాడు.

"ఓదెలూ, నిజం చెప్పు. నువ్వు దిగినవా, లేదా?"

"దిగిన గదన్నా. కిందనే నిలవడ్డ," అంది రిసీవర్‌లోని గొంతు.

రొద ఒక్కసారిగా ఆగిపోయింది. తరవాత అదే గొంతు, మెల్లగా:

"మరి పైన ఉన్నదెవలు?"