గిజిగాడి గూట్లో మిణుగురు

రండి తల్లీ, దగ్గరికి జరిగి కూర్చోండి. వెనకాల ఉన్న బాబూ, చేతిలో వెలిగే ఆ ఫోను జేబులో పెట్టు నాయనా. స్వామి దయవల్ల ఇవాళ గొంతు బాగుంది, వినండి.

చెరువు పక్కన ఈతచెట్టు మీద ఒక గిజిగాడు ఉండేవాడు. గూట్లో వెలుగుంటుందని బంకమట్టి ముద్దలో ఒక మిణుగురును అంటించుకున్నాడు. ఇక చూడండి! పొద్దస్తమానం అది మిణుక్కుమనడం, ఈయన కళ్ళు టపటపా ఆర్పుతూ చూడడం.

"అయ్యా, నాకు నిద్రొస్తోంది, వదిలెయ్యవా?" అని మిణుగురు బతిమాలేది.

"ఒక్క మిణుకు, ఇదే ఆఖరు," అనేవాడు.

కూతురు దూదిపింజ కూడా నిద్ర మానేసి నాన్న పక్కనే కూర్చుని చూసేది.

ఎగరాల్సిన రోజు వచ్చింది. దూదిపింజ గూటి అంచున నిలబడి, దేవుడిచ్చిన రెక్కలు ముడుచుకుని, కళ్ళు మాత్రం టపటపా ఆర్పింది. ఆర్పుతూనే కింద నీళ్ళలో పడుకున్న గేదె వీపు మీద దబ్బున పడింది.

"ఇదేం ఎగరడమే తల్లీ! ఎవరు నేర్పారు?" అంది గేదె.

"మా నాన్న రోజంతా ఇలాగే చేస్తాడు పెద్దమ్మా! ఉండు, ఇంకాస్త గట్టిగా ఆర్పితే లేస్తాను."

గూట్లోంచి గిజిగాడు ఈ మాట విన్నాడు. తన ముక్కుతో తానే మిణుగురును ఊడబీకి వదిలేశాడు. "బతికించావయ్యా," అని అది ఈతాకు మీద గుర్రుపెట్టింది. ఆయన గేదె వీపు మీదికి దిగి, కూతురి పక్కన నిలబడి రెక్కలాడించాడు. కూతురూ ఆడించింది. సాయంత్రానికి గూటి దాకా ఎగిరి, చీకటి పడకముందే నిద్రపోయింది.

మిగతాదంతా మరిచిపోయినా ఫరవాలేదు. తండ్రి తన ముక్కుతో తానే మిణుగురును ఊడబీకాడే, అదొక్కటి గుర్తుంచుకోండి. ఇవాళ ఇంటికెళ్ళి, మీ చేతిలో వెలిగే మిణుగురుతో మీరూ ఆ పని చెయ్యండి. స్వామి మీ పిల్లల్ని చల్లగా చూస్తాడు.