అల్లుడుగారి ఫైలు

మా కంపెనీలో సాఫ్ట్‌వేర్ విభాగానికి పెద్ద ఎవరో తేల్చే రోజది. పోటీలో ఇద్దరం: అక్కడే తల నెరిసిన నేను, నిన్నగాక మొన్న వచ్చిన ఓనరు అల్లుడు. ఎవరి ప్రోగ్రాం బాగా నడిస్తే వాళ్లదే కుర్చీ.

ఫైలు లోపల ఏముందో మా కంప్యూటరుకు అనవసరం. నడిపే అనుమతి ఉందా, లేదా అన్నదే చూస్తుంది. ఆ అనుమతులిచ్చేది ఓనరు.

నా ఫైలు నడపబోతే 'అనుమతి లేదు' అంది. అల్లుడుగారిది రెప్పపాటులో 'విజయవంతం' అంది. గదంతా చప్పట్లు.

ఉండబట్టలేక ఆ ఫైలు తెరిచి ఓనరుకు చూపించాను. "సార్, ఇందులో ఒక్క అక్షరం లేదు. చెయ్యమన్న పనే లేదు కనక చక్కగా అయిపోయిందంటోంది!"

"సరేనయ్యా, అందులో ఒక్క తప్పు చూపించు."

"ఏముందని చూపించను సార్?"

"మరదే! నీదాంట్లో ఎన్నున్నాయో ఎవడికి తెలుసు?"

ఖాళీలో తప్పు పట్టే మొనగాడు ఇంకా పుట్టలేదు. సాయంత్రానికి అల్లుడుగారు నా పైఅధికారి అయ్యారు.

మర్నాడు ఆయన తొలి ఆదేశం నాకు మెయిల్లో వచ్చింది. తెరిస్తే, కింద ఆయన పేరు తప్ప ఇంకేమీ లేదు.

ఒకసారి ఓనరు గది వైపు చూసి, 'విజయవంతం' అని జవాబు రాశాను.