అయిదు నిమిషాల అనుమతి

తెర మీద ఎర్రటి డబ్బా మళ్లీ వచ్చింది. 'ఈ సైటుకు మీ ఆఫీసు నెట్‌వర్క్ నుంచి అనుమతి లేదు.'

యమున పదకొండోసారి నొక్కింది. పదకొండోసారీ అదే డబ్బా. ఆస్పత్రి బిల్లులు కంప్యూటర్లో ఎక్కించే ఆఫీసు అది. బిల్లులు తప్ప ఇంకేమీ తెరుచుకోకుండా బిగించి పెట్టారు. ఫోన్లయితే మేడ్చల్ రోడ్డు మీది గేటు దగ్గరే లాకర్లో పెట్టి రావాలి.

ఆమె చూడాలనుకున్నది సినిమానా, చీరల దుకాణమా? షామీర్‌పేటలో ఆ పొద్దున్నే కొత్తగా చేర్పించిన డే కేర్. అక్కడ మూడు కెమెరాలున్నాయి, సైటు తెరిస్తే ఇంటివాళ్లు ఎక్కడినుంచైనా చూసుకోవచ్చన్నారు. ఆ మాట నమ్మే చేర్పించింది.

పొద్దున గేటు దగ్గర ఎంత గొడవ! చున్నీ కొస పట్టుకుని వదలడు.

"నన్ను గన్న నాయినవు గదా! ఏడ్వకు. నాలుగింటికల్ల వస్త," అని బతిమాలింది. వేళ్లు ఒక్కొక్కటే విడదీసి, ఆయమ్మ తారాబాయికి సంచి అందించింది. రెండు జతల బట్టలు, నీళ్ల సీసా, మెత్తగా పిసికిన పెరుగన్నం. తీరా స్కూటీ ఎక్కాక చూస్తే, గేటు గడియ వదులుగా ఊగుతోంది.

అప్పటినుంచీ ఆమె కాలు కాలిన పిల్లే. డే కేర్ నుంచి చెరువు ఎంత దూరమని? రెండు సందులు. నీళ్లు కనబడితే చాలు, ఆగడు. పోయిన ఆదివారం ఇంట్లోంచి జారుకుంటే గంటసేపు వెతికారు. చివరికి చెరువులో మోకాలి లోతున నిలబడి నవ్వుతూ కనిపించాడు. చేపలు పట్టేవాళ్లు చూసి చేయి పట్టి లాక్కొచ్చారు కాబట్టి సరిపోయింది. లేకపోతే? అమ్మో, ఆ తర్వాతి మాట తలచుకోడానికే భయం.

ఆఫీసు ఫోన్ నుంచి డే కేర్‌కు మూడుసార్లు చేసింది. మోగి మోగి ఆగిపోయింది. వచ్చి కూర్చుని, మోకాళ్ల నొప్పులతో చేరిన ఓ మగమనిషికి కాన్పు అయినట్టు ఎక్కించేసింది. పక్క సీటు తృప్తి చూసి చెరిపేసింది.

ఇక లాభం లేదని సిస్టమ్స్ చూసే అన్వేష్ దగ్గరికి వెళ్లింది.

"తమ్మీ, గీ ఒక్క సైటు తెరువరాదు!"

"కెమెరాల సైట్లన్ని బంద్ జేసినం అక్కా. మేనేజర్ సారు సంతకం లేకుంటె నా చేతుల ఏం లేదు." ఆమె ముఖం చూసి గొంతు తగ్గించాడు. "డే కేరా? ఇయ్యాల్నే ఏసినవా?"

"ఆఁ. నా నాయిన తిన్నడో లేదో, యేడికి ఉరికిండో... పానమంత కొట్టుకుంటాంది."

"మా అవ్వ గూడ నన్ను నాయిన అనే పిలుస్తది," అని నవ్వాడు అన్వేష్. "పరేషాన్ గాకక్కా. మొదటి దినం అందరు ఏడుస్తరు."

మేనేజర్ లక్ష్మణ్ గది తలుపు తట్టడానికి ఆమెకు చేయి రాలేదు. ఈ నెలలో ఇప్పటికే మూడుసార్లు పని మధ్యలో ఇంటికి పరిగెత్తింది. నాలుగోసారి పోతే మళ్లీ రానక్కర్లేదని ఆయన నిన్ననే తేల్చి చెప్పాడు. ఆ ఒక్క మాట లేకపోతే ఈపాటికి షామీర్‌పేటలో ఉండేది. చివరికి తట్టి, డే కేర్ కెమెరాల సంగతి చెప్పింది.

"రూలు రూలేనమ్మా. నీకు తెరిస్తె రేపు అందరు అడుగుతరు," అన్నాడు లక్ష్మణ్. "ఎన్నేండ్లు? మూడుంటయా?"

"బుద్ధి గంతనే సార్. పక్కనే చెర్వు ఉన్నది. గేటు గడియ సక్కగ లేదు. ఫోన్ చేస్తె ఎత్తుత లేరు." రెండు చేతులూ జోడించింది. "దండం పెడత. అయిదు నిమిషాలు సూడనియ్యున్రి. లేకుంటె నౌకరి పోయినా మంచిదే, నేను పోత."

లక్ష్మణ్ కలం మూత తీశాడు. ఆయనకూ ఇంట్లో ఇద్దరు పిల్లలు. అనుమతి కాగితం లాగి 'అయిదు నిమిషాలు' అని రాశాడు. కారణం అన్నచోట 'చిన్నపిల్లవాడు' అని తనే రాసి సంతకం పెట్టాడు. యమున ఆ మాట చదివి, నోరు తెరవబోయి, కాగితం పట్టుకుని అన్వేష్ దగ్గరికి పరుగెత్తింది.

సైటు తెరుచుకుంది.

మొదటి కెమెరా. హాలు. చాపలు, రంగు పెన్సిళ్లు, సగం రంగులేసిన బొమ్మలు. ఒక్కరూ లేరు.

రెండో కెమెరా. గేటు. బార్లా తెరిచి ఉంది.

యమున లేచి నిలబడింది. "మూడోది నొక్కు తమ్మీ, జల్దీ!"

పాడు నెట్! చక్రం తిరుగుతోంది, తిరుగుతూనే ఉంది. చివరికి పెరడు కనిపించింది. అందరూ అక్కడే గుంపుగా చేరి చప్పట్లు కొడుతున్నారు. మధ్యలో తారాబాయి, నవ్వలేక పొట్ట పట్టుకుంది. ఫోన్ ఎవరెత్తుతారు మరి!

"సల్లగుండ! ఉన్నడు," అంటూ కుర్చీలో కూలబడి చున్నీతో కళ్లు తుడుచుకుంది యమున.

"ఏడక్కా మీ బాబు?"

"గా నీళ్ల తొట్టి కాడ, సూడు."

అన్వేష్ వంగి చూశాడు: చప్పట్లు కొట్టే ముసలివాళ్ల నడుమ తొట్టి ముందు నిలబడి, షామీర్‌పేట చెరువులో నలభై ఏళ్లు వల విసిరిన చేతులతో ఓ పాత తువ్వాలును విసిరి లాగుతూ, బోసినోటితో నవ్వుతున్నాడు, యమునను నిజంగానే కన్న నాయిన.