పేరు చెక్కిన గ్లాసు

పొద్దున్నే వరహాలమ్మ స్టీలు గ్లాసు అంచు ఎర్రగా వెలిగింది. ఇప్పుడు అందరి ఇళ్లలోనూ ఎంగిలి చూసి రోగం చెప్పే గ్లాసులే. తాగిందెవరో వాటికి పట్టదు. మీద చెక్కిన పేరుకే ఆసుపత్రి నుంచి ఫోను వస్తుంది.

"చాలా అరుదైన క్యాన్సరమ్మా," అంది డాక్టరు. "కణాల్ని చూస్తే మామూలు గడ్డలాగే ఉంటుంది. రెండు జన్యువులు తెగి ఒకదానికొకటి అతుక్కున్నాయని మీ గ్లాసు చెబితేనే తెలిసింది. దీనికి మందు వేరే. రేపే రండి."

వరహాలమ్మకు భయంకన్నా ముందు అనుమానం పుట్టింది. బుద్ధెరిగిన దగ్గర్నుంచీ ఆమె ఏ గ్లాసుకూ పెదవి ఆనించలేదు. నీళ్లు ఎత్తి పోసుకోవడమే అలవాటు. మరి ఈ ఎంగిలి ఎవరిది?

ఇంట్లో ఉన్నది ఇద్దరే. భర్త అప్పలస్వామి బస్సు డ్రైవరు. గ్లాసు ఎర్రబడినవాణ్ణి స్టీరింగు ముట్టనివ్వరు. కొన్నాళ్లుగా అతను తన గ్లాసు బోర్లించే ఉంచుతున్నాడు, "డిపోలో తాగొచ్చినాన్లే" అంటూ. మెడ చుట్టూ తువ్వాలు కూడా తీయడం లేదు.

"నా గ్లాసుతో నువ్వు గానీ తాగినావేటి?"

"నీ గ్లాసు నాకేటికే!" అన్నాడతను గోడకేసి చూస్తూ.

ఆమె తన గ్లాసు నిండా నీళ్లు పోసి అతని ముందు పెట్టింది. "అయితే ఇప్పుడు తాగు."

అప్పలస్వామి గ్లాసు అందుకున్నాడు. పెదవి ఆనించబోయి ఆగాడు. ఎన్నడూ లేనిది, ఆమెలాగే తలెత్తి పోసుకున్నాడు. నీళ్లన్నీ మెడమీద పడ్డాయి.

"తువ్వాలు తడిసిపోయింది," అంది వరహాలమ్మ. "ఇంక తియ్యి."